అన్ని కంప్యూటర్లకూ మాట ఇస్తే నిలబెట్టుకునేదెవరు?

బాన్సువాడ (మా విలేకరి): యాసంగి వరి కోతలు మొదలయ్యాయంటే నిజాంసాగర్ ఆయకట్టు అంతా రోడ్ల మీదే ఉంటుంది. బాన్సువాడ నుంచి బీర్కూరు వైపు వెళ్లినా, వర్ని వైపు వెళ్లినా ధాన్యం ట్రాక్టర్లే ఎదురవుతాయి. వాటిలో చాలా బండ్లు ఎక్కడో ఒకచోట ధర్మకాంటా ఎక్కి దిగాల్సిందే. నిండు బండి ఎక్కగానే ఒక అంకె పడుతుంది. ధాన్యం దింపి ఖాళీ బండి తిరిగి వచ్చాక మరో అంకె పడుతుంది. ఆ రెండింటి తేడాయే రైతు ఆరుగాలం కష్టం. దాన్ని కాగితంపై వేసి చేతికిచ్చేది గది మూలన దుమ్ము కొట్టుకుని ఉండే పాత కంప్యూటర్.

ఆ చీటీ ఆగితే ఏమవుతుందో ఒక కాంటా వద్ద ఈ విలేకరి కళ్లారా చూడడం జరిగింది. కరెంటు హెచ్చుతగ్గులకు పాత కంప్యూటర్ కాలిపోయింది. యజమాని ఆలస్యం చేయకుండా మర్నాడే కొత్తది తెప్పించాడు. చీటీ రాసే ప్రోగ్రాంను అందులోకి ఎక్కించారు. తెర మీద ప్రోగ్రాం తెరుచుకుంది కానీ బరువు చూపే గడిలో సున్నా తప్ప మరో అంకె రాలేదు. కాంటా మీద అంకె కనిపిస్తూనే ఉంది. కంప్యూటర్‌కు మాత్రం అందడం లేదు. గుమాస్తా చేత్తో చీటీలు రాయడం మొదలుపెట్టాడు. చేతిరాత చీటీ తీసుకోవడానికి కొందరు రైతులు ఒప్పుకోలేదు. సాయంత్రానికి బండ్ల వరుస రోడ్డెక్కింది.

ఆ ప్రోగ్రాం రాసింది బాన్సువాడకు సమీపంలోని ఒక పల్లెకు చెందిన యువకుడు. అతనికి కంపెనీ లేదు, ఆఫీసు లేదు. ఒక్కడే రాస్తాడు, ఒక్కడే బండి మీద వచ్చి బిగించి పోతాడు. పేరు వేయవద్దని కోరినందున ఇక్కడ ఇవ్వడం లేదు. "తమ్మీ, నీ ప్రోగ్రాం కొత్త డబ్బాల నడుస్తలేదు, లారీలు ఆగినయ్" అని యజమాని ఫోను చేయగానే అతను పరుగున వచ్చాడు. రాత్రి పది దాటాక గాని కారణం దొరకలేదు. తప్పు ప్రోగ్రాంలో లేదు. కాంటాను కంప్యూటర్‌తో కలిపే తీగలో ఉంది.

కాంటా నుంచి వచ్చే తీగకు పాత కాలపు సీరియల్ పిన్నులు ఉంటాయి. ఇప్పటి కంప్యూటర్లకు ఆ రంధ్రం ఉండదు కనుక మధ్యలో యు.ఎస్.బి. తీగ ఒకటి తగిలిస్తారు. ఆ తీగలో చిన్న చిప్ ఉంటుంది. ప్రాలిఫిక్ సంస్థ చేసిన పాత రకం చిప్‌లను, వాటి నకళ్లను కొత్త విండోస్‌లోని డ్రైవర్ ఒప్పుకోదు. ఆ రకం 2012 నుంచే నిలిపివేయబడిందని ఆంగ్లంలో ఒక ముక్క చూపి ఊరుకుంటుంది. విండోస్ 7లో ఏళ్ల తరబడి పనిచేసిన తీగ విండోస్ 11లో మొండికేసింది. మర్నాడు కొన్ని వందల రూపాయలతో వేరే తీగ తేవడంతో బండ్లు కదిలాయి.

తప్పెవరిదని అడిగితే జవాబు తేలిక కాదు. ప్రోగ్రాం ఏయే కంప్యూటర్ల మీద నడుస్తుందో అమ్మిన నాడు యువకుడు చెప్పలేదు. కొన్న నాడు యజమాని అడగలేదు. "కంప్యూటర్ అంటే కంప్యూటరే గద" అనుకున్నారు ఇద్దరూ. అసలు చిక్కు ఆ మాటలోనే ఉంది.

పట్టా వేరైతే పెట్టె నడవదు

కంప్యూటర్లన్నీ బయటికి ఒకే తీరుగా కనిపిస్తాయి. లోపల వాటిని నడిపే మూల వ్యవస్థ వేరుగా ఉంటుంది. విండోస్ ఒకటి, ఆపిల్ వారి మ్యాక్ మరొకటి, ఎవరైనా ఉచితంగా వాడుకోగల లినక్స్ ఇంకొకటి. ఒకదాని కోసం తయారైన ప్రోగ్రాం మరోదానిలో ఉన్నపళంగా నడవదు.

మన ప్రాంతం పెద్దలకు ఇది సులువుగా అర్థమయ్యే విషయం. నిజామాబాద్ మీదుగా పోయే రైలు మార్గం ఒకప్పుడు మీటర్ గేజి. బ్రాడ్ గేజి మీద వచ్చిన సరుకు ఆ పట్టాల మీదికి రావాలంటే పెట్టె మార్చి ఎక్కించక తప్పేది కాదు. సరుకు అదే, ఊరు అదే, పట్టాల వెడల్పే వేరు. సాఫ్ట్‌వేర్ రాసేవాడికి ఈ పట్టాల బెడద రోజూ ఉంటుంది. పెద్ద కంపెనీ అయితే ఒక్కో పట్టాకు ఒక్కో జట్టును పెట్టుకుంటుంది. ఒంటరిగా రాసుకునే వాడు ఏ పట్టా మీద నడపాలో, దేన్ని వదులుకోవాలో తేల్చుకోవాలి. వదులుకున్న ప్రతి పట్టా మీదా ఒక గిరాకీదారుడు ఉంటాడు.

ఈ యువకుడికి ఒకే నెలలో మూడు వైపుల నుంచి మూడు కోరికలు వచ్చాయి. బిచ్కుంద వైపు ఒక కాంటా యజమాని తన విండోస్ 7 కంప్యూటర్‌ను ఎట్టి పరిస్థితుల్లోనూ మార్చనన్నాడు. ఒక మిల్లు యజమాని కొడుకు తన ఆపిల్ ల్యాప్‌టాప్‌లో ఇంటి దగ్గర లెక్కలు చూసుకోవాలన్నాడు. లినక్స్ అలవాటున్న ఒక ఉపాధ్యాయుడు తన బంధువు కాంటాలో విండోస్ ఎందుకు కొనాలి, ఉచితంగా దొరికేది ఉండగా అని ప్రశ్నించాడు. ముగ్గురి మాటా సబబుగానే ఉంది. చేయవలసినవాడు మాత్రం ఒక్కడే.

విండోస్ ఒకటి కాదు

విండోస్ ఒక్కటి చాలు కదా అని చాలామంది అంటారు. మన పట్టణంలో డి.టి.పి. షాపులు, నెట్ సెంటర్లు, ఎరువుల దుకాణాలు, మిల్లుల అకౌంట్లు అన్నీ ఎక్కువగా దాని మీదే నడుస్తున్న మాట నిజం. దేశమంతటా వ్యాపారులు వాడే ట్యాలీ సంగతే చూద్దాం. 1986లో బెంగళూరులో మొదలైన ఆ సంస్థ తొలుత డాస్ మీద, తర్వాత విండోస్ మీద నడిచేలా తన ప్రోగ్రాం చేసింది. ఎంతో పెద్దదైన తర్వాత కూడా కంప్యూటర్‌లో వేసుకునే ట్యాలీని విండోస్ కోసమే తయారు చేస్తోంది. గిరాకీ ఉన్నచోటే దుకాణం పెట్టడం తెలివితక్కువ పనేమీ కాదు.

అయితే విండోస్ పేరు ఒకటే అయినా తరాలు అనేకం. ఎక్స్.పి. 2001లో వచ్చింది. దానికి మైక్రోసాఫ్ట్ మద్దతు 2014 ఏప్రిల్ 8తో ఆగింది. విండోస్ 7కు 2020 జనవరి 14న, విండోస్ 10కు 2025 అక్టోబరు 14న గడువు తీరింది. విండోస్ 10 వాడే సాధారణ వినియోగదారులకు రక్షణ మార్పులు అందించడానికి 2026 అక్టోబరు 13 వరకు అదనపు గడువును ఆ సంస్థ ప్రకటించింది. మద్దతు ఆగడమంటే కంప్యూటర్ ఆగిపోవడం కాదు. కొత్తగా బయటపడే లోపాలకు మందు రాదని మాత్రమే. అందుకే కాంటా గదుల్లో, దుకాణాల్లో పాత తరం కంప్యూటర్లు ఇంకా పనిచేస్తూనే ఉంటాయి.

కొత్తదానికి మారదామంటే అన్ని కంప్యూటర్లూ అర్హత పొందవు. 2021 అక్టోబరులో వచ్చిన విండోస్ 11కు టి.పి.ఎం. 2.0 అనే రక్షణ భాగం, కనీసం 4 జీబీ మెమరీ, మైక్రోసాఫ్ట్ జాబితాలో ఉన్న ప్రాసెసర్ కావాలి. ఇంటెల్ వారివైతే స్థూలంగా ఎనిమిదో తరం, ఆపై రకాలే ఆ జాబితాలో ఉన్నాయి. పైగా విండోస్ 11 కేవలం 64 బిట్ రకంలోనే వస్తుంది. డాస్ కాలంలో ఫాక్స్‌ప్రోలో రాయించుకున్న బిల్లుల ప్రోగ్రాంలు అందులో నేరుగా నడవవు. పదహారు బిట్ల ప్రోగ్రాంలను 64 బిట్ విండోస్ ఏదీ తీసుకోదు. డాస్‌ను అనుకరించే మరో ప్రోగ్రాం సాయం పట్టవలసిందే.

రాసే పనిముట్లు కూడా పాత తరాన్ని వదిలేస్తూ పోతున్నాయి. పైథాన్ భాష 3.9 నుంచి విండోస్ 7లో నడవదు. క్రోమ్ బ్రౌజర్ 2023లో వచ్చిన 109వ కూర్పుతో విండోస్ 7కు సెలవు చెప్పింది. ఒకసారి రాసి మూడు వ్యవస్థల్లో నడిపించుకోవచ్చునని పేరున్న ఎలక్ట్రాన్ కూడా అదే ఏడాది అదే బాట పట్టింది. కనుక "కొత్త పనిముట్టుతో రాయి, అన్నిచోట్లా నడుస్తుంది" అన్న సలహాలో అన్నిచోట్లా అంటే కొత్త కంప్యూటర్లు అన్నిచోట్లా అని అర్థం. బిచ్కుంద కాంటా ఆ లెక్కలోకి రాదు.

ఈ కారణంగానే యువకుడు మైక్రోసాఫ్ట్ వారి డాట్‌నెట్ ఫ్రేమ్‌వర్క్ 4.8ను పట్టుకుని ఉన్నాడు. 2019లో వచ్చిన ఆ పనిముట్టు సర్వీస్ ప్యాక్ 1 వేసిన విండోస్ 7 నుంచి విండోస్ 11 దాకా పనిచేస్తుంది. "పాతదని నా దోస్తులు నవ్వుతరన్నా. నా గిరాకీ పాతదే గద, నేనెట్ల కొత్తగైత?" అంటున్నాడు.

ఆపిల్‌కు ప్రవేశ రుసుము

మిల్లు యజమాని కొడుకు కోరికకు వద్దాం. ఆపిల్ ల్యాప్‌టాప్ కోసం ప్రోగ్రాం తయారు చేయాలంటే ముందుగా చేతిలో ఆ ల్యాప్‌టాప్ ఉండాలి. ఆపై డెవలపర్‌గా నమోదుకు ఏటా 99 డాలర్లు చెల్లించాలి. 2019లో వచ్చిన క్యాటలినా కూర్పు మొదలుకొని, బయట నుంచి తెచ్చి వేసుకునే ప్రోగ్రాంలను సైతం ఆపిల్ వద్దకు పంపి తనిఖీ ముద్ర వేయించుకోవలసి వస్తోంది. ముద్ర లేని ప్రోగ్రాంను తెరవబోతే కంప్యూటర్ హెచ్చరించి అడ్డుకుంటుంది. వాడేవాడు సెట్టింగులలోకి వెళ్లి ప్రత్యేకంగా అనుమతించాలి. కొత్త గిరాకీదారుడికి తెర మీద హెచ్చరిక కనిపిస్తే ప్రోగ్రాం రాసినవాడి మీదే అనుమానం కలుగుతుంది.

ఇది చాలదన్నట్టు ఆపిల్ తన పట్టాలను తానే పలుమార్లు మార్చింది. 2006లో పవర్‌పీసీ చిప్‌ల నుంచి ఇంటెల్‌కు మారింది. 2020 నవంబరులో ఇంటెల్ నుంచి సొంత చిప్‌లకు మళ్లింది. మధ్యలో 2019లో 32 బిట్ ప్రోగ్రాంలను పూర్తిగా నిలిపివేసింది. మారిన ప్రతిసారీ పాత ప్రోగ్రాంలకు కొంతకాలం ఊతం ఇచ్చి తర్వాత తీసివేయడం ఆ సంస్థ పద్ధతి. పెద్ద సంస్థలు దాన్ని తట్టుకుంటాయి. ఒక్క గిరాకీదారుడి కోసం ఏటా రుసుము కట్టి, ప్రతి మార్పుకూ ప్రోగ్రాంను తిరగరాయడం ఒంటరివాడికి గిట్టుబాటు కాదు. అదే ఫొటోలు, సంగీతం, బొమ్మల పనికి సంబంధించిన ప్రోగ్రాం రాసేవాడికి లెక్క తిరగబడుతుంది. ఆ రంగంలోని వారిలో ఆపిల్ వాడేవారు ఎక్కువ, డబ్బు పెట్టి కొనే అలవాటూ ఎక్కువ. ఏ ప్రోగ్రాం, ఎవరి కోసం అన్నదాన్ని బట్టి ఖర్చు భారమో లాభమో తేలుతుంది.

లినక్స్: ధర లేదు, రకాలెక్కువ

ఉపాధ్యాయుడి వాదనలో బలం లేకపోలేదు. కేరళలో ప్రభుత్వ పాఠశాలల కంప్యూటర్లు లినక్స్ మీదే నడుస్తున్నాయి. అక్కడి కైట్ సంస్థ ఉబుంటు ఆధారంగా బడులకు కావలసిన వ్యవస్థను సిద్ధం చేసి ఇస్తుంది. హైదరాబాద్‌లోని స్వేచ్ఛ సంస్థ లినక్స్‌ను తెలుగులోకి తెచ్చే పని చేసింది. పాత, బలహీనమైన కంప్యూటర్లను సైతం మళ్లీ పనిలోకి తీసుకురాగల గుణం లినక్స్‌కు ఉంది. విండోస్ 11కు అర్హత లేని కంప్యూటర్లకు అది ఒక ఆసరా.

ఇబ్బంది రకాల వద్ద వస్తుంది. లినక్స్ ఒకే రూపంలో దొరకదు. ఉబుంటు, ఫెడోరా, డెబియన్ అంటూ పలు రూపాలున్నాయి. ఒకచోట డెబ్ పొట్లం కావాలి, మరోచోట ఆర్.పి.ఎం. పొట్లం కావాలి. ఈ బెడద తీర్చేందుకు యాప్‌ఇమేజ్, ఫ్లాట్‌ప్యాక్, స్నాప్ వంటి ఉమ్మడి పొట్లాలు వచ్చాయి కానీ అవే మూడు రకాలయ్యాయి. కాంటా తీగ విండోస్‌లో కామ్ 3 అనే పేరుతో కనిపిస్తే లినక్స్‌లో వేరే పేరుతో కనిపిస్తుంది, దాన్ని వాడేందుకు అనుమతి కూడా విడిగా ఇవ్వాలి. ఇదంతా చేయరాని పని కాదు. పక్కన తెలిసినవాడుంటే గంటలో అయిపోతుంది. రాత్రి రెండింటికి కాంటా గదిలో ఉండేది గుమాస్తా ఒక్కడే అన్నదే ఆలోచించవలసిన విషయం.

తెలుగుకు ఇది పాత గాయమే

ఏ పట్టా మీద నడవాలన్న ప్రశ్న తెలుగువారికి కొత్త కాదు. కంప్యూటర్‌లో మన అక్షరాలు రాసుకునేందుకే మనవారు ఈ ప్రశ్నతో ఏళ్ల తరబడి కుస్తీ పట్టారు.

పెళ్లిపత్రికలు, కరపత్రాలు తయారు చేసే ప్రతి డి.టి.పి. షాపులోనూ అను ఫాంట్లు కనిపిస్తాయి. వాటితో జత కట్టిన పేజ్‌మేకర్‌కు చివరి కూర్పు 7.0. అది వచ్చింది 2001లో. ఆ ఫాంట్ల అందం, వేగం గురించి షాపుల వారు నేటికీ మెచ్చుకుంటారు. కానీ ఆ పద్ధతిలో తెలుగు అక్షరాన్ని ఆంగ్ల అక్షరాల స్థానంలో దాస్తారు. ఫాంటు ఉన్న కంప్యూటర్‌లో తెలుగుగా కనిపించేది, లేనిచోట పిచ్చి గీతలుగా కనిపిస్తుంది. ఈ విలేకరికి స్వానుభవం ఉంది. అలాంటి ఫాంటులో కొన్నేళ్లపాటు టైపు చేసి దాచుకున్న వార్తలు కంప్యూటర్ మార్చగానే చదవరాకుండా పోయాయి. వాటిలో కొన్నింటిని పాత పేపరు కత్తిరింపులు చూసి మళ్లీ టైపు చేయాల్సి వచ్చింది. కత్తిరింపులు దొరకనివి పోయినట్టే.

1991లో వచ్చిన యూనికోడ్ తొలి కూర్పులోనే తెలుగుకు 128 స్థానాలు కేటాయించారు. అక్షరానికి సొంత స్థానం ఉంటే ఏ కంప్యూటర్‌లోనైనా అది తెలుగే. అయితే స్థానం ఇచ్చినంత మాత్రాన అక్షరం తెర మీదకు రాలేదు. విండోస్‌లో ఎక్స్.పి. వచ్చాక గౌతమి ఫాంటుతో తెలుగు అందుబాటులోకి వచ్చింది. ఆపిల్ కంప్యూటర్లలో తెలుగు ఫాంట్లు 2011లో వచ్చిన లయన్ కూర్పుతో చేరాయి. పదేళ్ల తేడా అన్నమాట. ఆ పదేళ్లూ తెలుగు కోసం ఏ పట్టా ఎంచుకోవాలో వేరే చెప్పనక్కరలేదు.

ఈ చిక్కును తెలివిగా దాటినవారు ఉన్నారు. తిరుమల కృష్ణదేశికాచార్యులు పోతన 2000, వేమన 2000 అనే యూనికోడ్ ఫాంట్లను రూపొందించారు. విండోస్‌లో వాడుకున్న ఆ ఫాంట్లే తర్వాత డెబియన్, ఫెడోరా వంటి లినక్స్ రూపాల్లోనూ చేరాయి. ఫాంటు అందరికీ చెల్లే ప్రమాణంలో ఉండడం వల్లనే అది సాధ్యపడింది. వీవెన్ మరో దారి పట్టారు. 2006లో ఆయన తయారు చేసిన లేఖినిని కంప్యూటర్‌లో వేసుకోనక్కరలేదు. బ్రౌజర్‌లో తెరిచి ఆంగ్ల అక్షరాలతో కొడితే తెలుగు వస్తుంది. నెట్ సెంటర్‌లో గంటకు ఇంత అని కట్టి కూర్చున్నవాడు కూడా దాంతో తెలుగు రాయగలిగాడు. అక్కడి కంప్యూటర్‌లో ఏదైనా వేసుకునే అధికారం అతనికి లేదు, అవసరమూ పడలేదు.

ఎంత పెద్ద సంస్థకైనా పరీక్ష తప్పదని గుర్తుచేసిన సంఘటన కూడా తెలుగుదే. 2018 ఫిబ్రవరిలో "జ్ఞా" అక్షరం ఒకానొక కూర్పులో సందేశంగా వస్తే ఐఫోన్లలో సందేశాల యాప్‌లు కుప్పకూలిపోయాయి. మ్యాక్ కంప్యూటర్లకూ ఆ సెగ తగిలింది. అదే నెల 19న ఆపిల్ సవరణ విడుదల చేసింది. వేలమంది ఇంజినీర్లున్నచోటే ఒక తెలుగు అక్షరం తనిఖీకి దొరకకుండా తప్పించుకుంది. అలాంటప్పుడు ఒక్కడే అన్నీ పరీక్షించి పూచీ పడతానంటే నమ్మేదెలా?

అంతా బ్రౌజర్‌లోనే పెట్టేస్తే?

లేఖిని తీరులో కాంటా చీటీని కూడా బ్రౌజర్‌లో పెట్టేస్తే గొడవ వదిలిపోదా అని ఈ విలేకరి అడగడం జరిగింది. సగం వదులుతుందని సమాధానం వచ్చింది. లెక్కలు చూసుకోవడానికి బ్రౌజర్‌ను మించింది లేదు. విండోస్ అయినా, ఆపిల్ అయినా, లినక్స్ అయినా పేజీ తెరుచుకుంటుంది. కానీ కాంటా తీగను చదవడం వేరు. క్రోమ్‌లో 2021 నుంచి ఆ సదుపాయం ఉన్నా ఆపిల్ వారి సఫారీలో లేదు. పైగా కోతల కాలంలో గాలివాన వస్తే కరెంటుతో పాటు ఇంటర్‌నెట్ కూడా పోతుంది. జనరేటర్ పెట్టి కాంటా నడిపించవచ్చు, నెట్ లేకుంటే పేజీ తెరుచుకోకపోవచ్చు. చీటీ మాత్రం రావాలి.

బ్రౌజర్ కూడా ఒక పట్టాయేనని మరిచిపోరాదు. 2017 నవంబరులో ఫైర్‌ఫాక్స్ 57వ కూర్పు రాగానే పాత పద్ధతిలో రాసిన అనుబంధ ప్రోగ్రాంలన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. వాటిని రాసినవారిలో ఎందరో సొంత ఆసక్తితో పనిచేసిన ఒంటరివారే.

వేళ్ల మీద లెక్క

ఒక్కో వ్యవస్థను చేర్చుకుంటే ఎంత బరువు పెరుగుతుందో యువకుడు కాగితంపై వేసి చూపాడు. విండోస్ 7, 10, 11 మూడు తరాలు. మొదటి రెండింటిలో 32 బిట్, 64 బిట్ రెండు రకాలూ ఉండవచ్చు, 11లో ఒకటే. అంటే ఐదు. కాంటాల వద్ద చుక్కల ప్రింటర్, వేడితో అచ్చువేసే చిన్న ప్రింటర్, లేజర్ ప్రింటర్ అని మూడు రకాలు. ఐదును మూడుతో గుణిస్తే పదిహేను. ప్రోగ్రాంలో ఒక్క వరుస మార్చినా ఈ పదిహేను విధాలా చీటీ సరిగా వస్తోందో లేదో చూడాలి. దీనికి ఒక్క లినక్స్ రూపం, పాత చిప్, కొత్త చిప్ ఆపిల్‌లు కలిపితే ఎనిమిదిని మూడుతో గుణించాలి. ఇరవై నాలుగు.

రాయడం ఒకసారితో అయిపోతుంది, చూసుకోవడం మాత్రం అమ్మినన్నాళ్లూ ఉంటుంది. ఈ సంగతి కొత్తగా ఈ పనిలోకి దిగే యువకులకు ఎవరూ చెప్పడం లేదు. ప్రకటనలో మూడు వ్యవస్థల బొమ్మలూ వేసుకోవడం సులువు. అర్ధరాత్రి ఫోను వస్తే ఆ మూడింటిలో దేనికైనా జవాబు చెప్పగలగడం కష్టం. పరీక్షించి చూడని కంప్యూటర్‌లో నడుస్తుందని చెప్పడం, తూకం వేయని బస్తాకు చీటీ ఇవ్వడంతో సమానం.

చివరికి తేల్చుకున్నది

ఆలోచించి యువకుడు మూడు నిర్ణయాలు తీసుకున్నాడు. కాంటా తూకం చదివి చీటీ వేసే ప్రోగ్రాం విండోస్ మీదే ఉంటుంది. విండోస్ 10, 11లకు పూర్తి పూచీ. విండోస్ 7 ఉన్నవారికి ఇప్పుడున్న కూర్పు పనిచేస్తుంది, తప్పులుంటే సరిచేస్తాడు, కొత్త సదుపాయాలు మాత్రం చేర్చడు. వచ్చే ఏడాది యాసంగి ముగిసేవరకే ఆ మాట. ఆ కంప్యూటర్లను ఇంటర్‌నెట్‌కు కలపవద్దని యజమానులకు ముందే చెబుతున్నాడు.

ఆపిల్ కోసం ప్రోగ్రాం రాయడు. మిల్లు యజమాని కొడుక్కి లెక్కలు బ్రౌజర్‌లో చూసుకునే పేజీ ఇచ్చాడు. అతనికి కావలసింది తూకం వేయడం కాదు, వేసిన తూకాలు చూసుకోవడం. కోరికను విడమర్చి అడిగితే ఆ సంగతి తేలింది. లినక్స్ విషయంలో ఉపాధ్యాయుడికి నిజం చెప్పాడు. "మీరు దగ్గరుండి చూసుకుంటనంటే ఇస్త సార్, నేను పూచీ వడలేను" అన్నాడట. ఉపాధ్యాయుడు అందుకు ఒప్పుకున్నాడని, ప్రయత్నం సాగుతోందని తెలిసింది.

మూడో నిర్ణయం అన్నింటికన్నా ముఖ్యమైనది. చీటీల లెక్కంతా ప్రతి రాత్రీ కామాలతో విడగొట్టిన మామూలు అక్షరాల ఫైలుగా, యూనికోడ్ తెలుగులో విడిగా దాచబడుతుంది. ఆ ఫైలును ఏ కంప్యూటర్‌లోనైనా, ఏ ప్రోగ్రాంతోనైనా తెరిచి చదువుకోవచ్చు. రేపు ఆ యువకుడు ఊరు విడిచి వెళ్లినా, పని మానేసినా యజమాని లెక్కలు యజమానికే ఉంటాయి. తన గిరాకీ పోతుందేమోనన్న భయంతో లెక్కలను తాళం వేసి దాచేవారు ఈ రంగంలో లేకపోలేదు. ఫాంటులో దాచిన వార్తలు పోగొట్టుకున్న ఈ విలేకరికి ఆ నిర్ణయం విలువ బాగా తెలుసు.

ఇప్పుడు అతను ప్రోగ్రాం బిగించిన ప్రతిచోటా గోడకు ఒక కాగితం అంటిస్తున్నాడు. ఏ విండోస్ మీద నడుస్తుంది, ఏ తీగ వాడాలి, ఏ ప్రింటర్‌తో పరీక్షించడమైంది, ఏ తేదీ వరకు పూచీ అన్న నాలుగు సంగతులు అందులో పెద్ద అక్షరాలతో తెలుగులో ఉంటాయి. కొత్త కంప్యూటర్ కొనేముందు యజమాని ఆ కాగితాన్ని ఫొటో తీసి దుకాణంలో చూపిస్తే చాలు.

దుకాణాలకు, కాంటాలకు, మిల్లులకు ప్రోగ్రాంలు రాయించుకునేవారు ఇకమీదట ధర ఒక్కటే అడిగి ఊరుకోరాదు. ఏయే కంప్యూటర్ల మీద నడుస్తుంది, ఎంతకాలం చూస్తావు, మా లెక్కలు మాకు విడిగా వస్తాయా అన్న మూడు ప్రశ్నలు అడగాలి. రాసేవారు కూడా అన్నింటికీ తలూపి మాట ఇవ్వడం కన్నా కొన్నింటికే ఇచ్చి నిలబెట్టుకోవడం మేలు. కాంటా ముందు బండితో నిలబడిన రైతుకు లోపల ఉన్నది విండోసో, లినక్సో పట్టదు. తన ధాన్యం ఎంతో చెప్పే చీటీ చేతికి రావాలి.